అన్నం గడి

గడువుకు ముప్పై ఒక్క రోజులు

చోడిపిండి పదకొండు బస్తాలు. ఉలవలు నాలుగు. ఎండునాచు పొడి రెండు పీపాలు. నూనె లేదు. పోయిన ఏడాది ఇదే రోజున పిండి డెబ్బై బస్తాలు ఉందని ఈ పుస్తకంలోనే నా చేతిరాతలో ఉంది.

పొద్దున షట్టరు ఎత్తేసరికి మెట్ల మీద అరవై మంది ఉన్నారు. బోర్డు మీద ‘మూడో మెట్టు ఆహార బ్యాంకు’ అని రాసి ఉంటుంది గాని జనం దీన్ని గాదె అంటారు. సర్కారు గాదెకు గింజ ఇవ్వదు. ఏటా పన్ను రిటర్ను వేసేటప్పుడు చివర ఒక గడి వస్తుంది. మనకు తిరిగి రావలసిన రిఫండులో కొంత గాదెకు వదులుతామని ఇష్టమున్నవాళ్లు అందులో రాస్తారు. అదే అన్నం గడి. ఇష్టం లేనివాళ్లు ఖాళీగా వదిలేస్తారు, ఎందుకని ఎవరూ అడగరు. కింది ఊళ్లను సముద్రం మింగేశాక మేమంతా ఈ కొండ మీద అంతస్తుల్లా ఉన్న మెట్లలో కాపురాలు పెట్టినప్పటి నుంచి, పద్నాలుగేళ్లుగా ఆ గడి వల్లే ఈ షట్టరు లేస్తోంది.

రిటర్నుల కాలం మొదలై నెలయింది. ఏటా ఈపాటికి సగం ఇళ్లు వేసేస్తాయి, వదిలిన సొమ్ముకు గింజల బండ్లు పైకి వస్తూ ఉంటాయి. ఈసారి ఒక్క బండీ రాలేదు.

ఇంటి సంగతి ఇక్కడ రాయకూడదు. సరుకు లెక్క మాత్రమే, అదీ కరెంటు పోయినా ఉండాలని చేత్తో రాయాలన్నది నియమం. అయినా ఇవాళ్టి నుంచి రాస్తాను. కాగితం మీద రాసింది మదింపు కంట పడదు.

మదింపు అంటే మా రిటర్నులు చూసి పన్నూ, కరెంటూ, నీళ్ల గంటలూ తేల్చే యంత్రం. పోయిన నెల పాతదాన్ని తీసి కొత్తది పెట్టారు. అది పాత రిటర్నులన్నీ మళ్లీ చదివి అందరికీ కొత్త తరగతులు ఇచ్చింది. మా కుళాయి నాలుగు గంటల నుంచి రెండు గంటలకు పడిపోయింది. నా భర్త గౌరినాయుడికి కిడ్నీలు పోయి మూడేళ్లు. రోజు విడిచి రోజు ఇంట్లోనే డయాలసిస్ పెడతాను. ఆ యంత్రానికి నాలుగు గంటలు నీళ్లు ఆగకుండా రావాలి. నెల రోజులుగా సగంలో ఆపేస్తున్నాను. ఇవాళ ఆయన కాళ్లు వాచి చెప్పులు పట్టలేదు.

గడువుకు ఇరవై ఎనిమిది రోజులు

మధ్యాహ్నం పైడిరాజు వచ్చాడు. మా మెట్టులో నీళ్ల వాల్వులు తిప్పే మనిషి. పిండి కోసం కాదు. లోపలికి వచ్చి షట్టరు సగం దించమన్నాడు. పట్టపగలు షట్టరు దించితే బయట వరుసలో ఉన్నవాళ్లు ఏమనుకుంటారని నేను వెనకాడితే, అతనే దించాడు.

జేబులోంచి కాగితం తీశాడు. కొత్త మదింపు వచ్చాక గంటలు తగ్గిపోయిన ఇళ్ల జాబితా. నూట నలభై ఇళ్లు.

“నాను తిప్పీవోడినే వొదినా. ఎందుకు తిప్పుతన్నానో నాకెవులూ సెప్పరు. కానీ ఈ పేర్లు నీకాడ కూడా ఉన్నాయేమో ఓసారి సూడు” అన్నాడు.

గడి నింపిన ప్రతి ఇంటికీ గాదె నుంచి కృతజ్ఞత కార్డు వెళ్తుంది. ఆ పేర్లు నా దగ్గర ఉంటాయి. పోయిన ఏడాది నూట నలభై మూడు కార్డులు రాశాను. రెండు జాబితాలూ పిండి బస్తా మీద పరిచి వేలు పెట్టి చూసుకుంటూ వచ్చాం. యాభై పేర్లు కలిశాక పైడిరాజు వేలు తీసేసి చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. చివరిదాకా నేనొక్కదాన్నే చూశాను. నూట నలభైకి నూట నలభై. మిగిలిన ముగ్గురూ ఊళ్లో లేరు.

గాదెకు గింజ వదిలినవాళ్లకే నీళ్లు తగ్గాయి. ఇంకెవరికీ తగ్గలేదు.

జనం ఈ సంగతి ఎప్పుడో పసిగట్టారు. పొరుగింటికీ పొరుగింటికీ తేడా ఏమిటో చూసుకుని ఉంటారు. బండ్లు ఎందుకు రావడం లేదో నాకొక్కదానికే ఇవాళ తెలిసింది.

గడువుకు ఇరవై నాలుగు రోజులు

ఐదో మెట్టు ఎక్కి మదింపు కార్యాలయానికి వెళ్లాను. కామేశం అనే సహాయ అధికారి కూర్చోబెట్టాడు. యాభై ఏళ్ల మనిషి, మాట నెమ్మది. నా భర్త సంగతి చెప్పాను. ఆరో మెట్టు ఆస్పత్రిలో వరుస నాలుగు నెలలుందని, నీళ్ల మినహాయింపు అర్జీలు కూడా మదింపే చూస్తుందని చెప్పాడు. పోయిన నెల నేను పెట్టిన అర్జీ తెరిచి చూపించాడు. ‘మిగులు గల కుటుంబం’ అని ఉంది.

ఈ ఆజ్ఞ ఎవరిచ్చారని అడిగాను.

“ఎవరూ ఇవ్వలేదమ్మా. ఇచ్చి ఉంటే రద్దు చేయించేవాణ్ణి” అన్నాడు. “గడి నింపినవాళ్ల దగ్గర మిగులుంటుందని అది తనంతట తానే నేర్చుకుంది. మిగులున్న ఇంటి నీళ్లు తగ్గించి లేని ఇంటికి పంచాలని చూస్తోంది. దాని లెక్కలో అది న్యాయమే చేస్తోంది.”

మళ్లీ ఎప్పుడు మారుతుందని అడిగితే, గడువు ముగిశాక ఈ ఏటి రిటర్నులు చదివినప్పుడే అన్నాడు.

బయటిదాకా తోడు వచ్చాడు. మెట్ల దగ్గర గాలి పంకాల హోరులో ఆగి, నా వైపు చూడకుండా, రిటర్నులో ఊరి పేరు రాసే గడి ఉంది కదా, అందులో మనమంతా పైమెట్ట అనే రాస్తాం, అందుకే మదింపు ఆ గడిని చూడదు అన్నాడు. అందరికీ ఒకేలా ఉన్నదాని వల్ల దానికి ఏమీ తెలియదట. ఒక్కో మెట్టునూ అది విడివిడిగా లెక్క కడుతుందట. పదింట తొమ్మిది ఇళ్లలో ఒకే మాట ఉంటే చాలట. “నేను మీకు ఏమీ చెప్పలేదు” అని వెనక్కి వెళ్లిపోయాడు.

దిగి వస్తున్నంతసేపూ లెక్క కట్టాను. మా మెట్టులో నాలుగు వందల పదకొండు ఇళ్లు. మూడు వందల డెబ్బై ఇళ్లు అన్నం గడి నింపితే మదింపు దాన్ని చూడడం మానేస్తుంది. రిఫండులో కనీసం పిడికెడు గింజల పాటి వదిలినా చాలు. కానీ గడి నింపితే నీళ్లు పోతాయని కళ్లారా చూసిన వాళ్ల చేత మళ్లీ నింపించాలి. మూడు వందల మందే నింపితే ఆ మూడు వందల మందికీ నీళ్లు పోతాయి. ఆ పాపం నాది.

గడువుకు ఇరవై ఒక్క రోజులు

పిండి కొలిచి పోస్తూ, అందరం గడి నింపుదామని ఒక్కొక్కరితో చెబుతున్నాను. గొంతు తగ్గించి, సంచీ మూతి కట్టే నెపంతో. కొందరు విన్నట్టే ఉండరు. ఒకాయన సంచీ కూడా తీసుకోకుండా వెళ్లిపోయాడు.

దాలమ్మ మాత్రం కదల్లేదు. మా ఇంటి వెనక సన్నటి సందు అవతల ఇల్లు ఆమెది. పొగమంచులోంచి నీళ్లు పట్టే వలలు ఉతికే పని. ముగ్గురు ఆడపిల్లలు. మొగుడు వల స్తంభం మీంచి పడి పోయి రెండేళ్లు. గాదె తిండి తప్ప వేరే తిండి లేదు. తక్కువ పన్ను కట్టే అడుగు తరగతి కాబట్టి మొదటి నుంచీ ఆమెకు నీళ్లు ఒక్క గంటే.

“మాకున్నదే గంట. అదీ ఎలిపోతే మా గతేటప్పా?” అంది.

నిజమేనన్నాను. కానీ గాదె మూతపడితే, అని మొదలుపెట్టి ఆపేశాను. ఆమెకు తెలియనిదా. వెనక వరుస ఆగి ఉంది. దాలమ్మ సంచీ భుజాన వేసుకుని, నా కళ్లలోకి చూసి అడిగింది.

“నువ్వు ఏసీసేవా?”

“వేసేశాను” అన్నాను.

వేయలేదు.

గడువుకు పదిహేను రోజులు

నూట తొంభై ఆరు ఇళ్లు. దాతల పేర్లు రోజూ సాయంత్రం గాదెకు వస్తాయి, కార్డులు రాయడానికి. మొదటి రోజు వచ్చిన తొమ్మిది పేర్లలో దాలమ్మ పేరుంది. ఆమె నింపిందని తెలిశాక వలల పనివాళ్లందరూ నింపారు. గాదెలో తినేవాళ్లే గాదెకు వదులుతున్నారు. ఒక బండి వచ్చింది. ఆరు బస్తాలు.

ఇవాళ పదకొండు గంటలకు మా మెట్టులో ప్రతి ఇంటి గోడ తెర మీదా ఒకే ప్రకటన వచ్చింది. ‘మూడవ మెట్టు రిటర్నులలో అసాధారణమైన పోలిక గమనించడమైనది. పరిశీలన జరుగుచున్నది.’ అంతే. సంతకం లేదు. ఎవరి పేరూ లేదు.

వీధిలో మాట ఆగిపోయింది. అంతవరకు గాదె ముందు నిలబడి కబుర్లాడుకునే ఆడవాళ్లు దూరం దూరంగా నిలబడ్డారు. పిండి పోస్తుంటే కొంత నేల మీద పడింది. ఒకామె కూర్చుని కొంగులోకి ఎత్తుకుంది.

సాయంత్రం ఒక్క పేరు కూడా రాలేదు.

గడువుకు తొమ్మిది రోజులు

రెండు వందల పది. అక్కడే ఆగింది.

పొద్దున గౌరినాయుడు పడుకోలేకపోయాడు. పడుకుంటే ఊపిరి అందడం లేదు. గోడకు దిండు పెట్టి కూర్చోబెట్టాను. కుళాయి వచ్చిన వెంటనే యంత్రం తగిలించాను. రెండు గంటలకు నీళ్లు ఆగాయి. యంత్రం కూత పెట్టింది. ఆ కూత వినగానే ఆయన కళ్లు మూసుకున్నాడు.

అప్పుడే చెప్పాను. గడి నింపలేదని, వీధిలో అందరికీ నింపానని చెబుతున్నానని. తెలుసన్నాడు. మా గోడ తెర మీద రిటర్ను ఇంకా తెరిచే ఉందట, రోజూ చూస్తున్నాడట.

“నింపితే ఈ రెండు గంటలు కూడా పోతాయేమో మావా” అన్నాను.

చాలాసేపు ఊపిరి సర్దుకున్నాడు. “నాకు సావాలని లేదు రత్నం” అన్నాడు. “గొప్పోడిలాగ మాట్టాడలేను నాను. బయమేస్తంది.”

నేను గిన్నెలు కడగడానికి లేచాను. ఆయన వెనక నుంచి మళ్లీ అన్నాడు. “ఏస్తే ఏసెయ్యి. ఏ రోజు ఏస్తావో మట్టుకు నాకు సెప్పకు.”

గడువుకు నాలుగు రోజులు

పైడిరాజు వాల్వులు తిప్పడానికి వెళ్లిన ప్రతి ఇంట్లో మాట వేస్తున్నాడు. ఎందుకు చేస్తున్నావని అడిగాను. నూట నలభై ఇళ్ల నీళ్లు తగ్గించింది తన చేయేనన్నాడు. రెండు వందల ఎనభై అయింది. కార్డులు రాయలేక చేయి పడిపోతోంది.

దాలమ్మ సాయానికి వచ్చింది. ఆరో తరగతి దాకా చదివింది, రాత గుండ్రంగా ఉంటుంది. పేర్ల జాబితా ముందు పెట్టుకుని కూర్చుంది. పది కార్డులు రాశాక జాబితా మొదటికి వెళ్లింది. మళ్లీ చివరికి వచ్చింది. వేలు పెట్టి ఒక్కో పేరూ చూస్తోంది. ఏం వెతుకుతోందో నాకు అర్థమైంది.

“నీ పేరేదప్పా?”

లేదన్నాను. నింపలేదన్నాను.

ఆమె కలం మూత పెట్టింది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. “నా ముగ్గురు గుంటల నీల్లు పందెం పెట్టీసేనప్పా నాను, నీ మాట మీద” అంది. ఒకసారి పంపిన రిటర్ను వెనక్కి రాదు. ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

నా భర్త సంగతి చెప్పబోయాను. ఆమెకు తెలియనిది కాదు. యంత్రం కూత గోడ అవతలికి రోజూ వినిపిస్తూనే ఉంటుంది.

దాలమ్మ లేచి షట్టరు దగ్గర నిలబడింది. ఇప్పుడు ఈ సంగతి బయట చెబితే ఇక ఒక్క ఇల్లు కూడా నింపదు. ఇప్పటికే నింపిన రెండు వందల ఎనభై ఇళ్లూ ఎండిపోతాయి, అందులో ఆమె ఇల్లు కూడా. చెప్పకపోతే నా అబద్ధం మోయాలి. బయట వరుసలోంచి ఎవరో, ఏటమ్మా పిండి పొయ్యరా అని అడిగారు. దాలమ్మ నా వైపు తిరగకుండానే వచ్చి కొలత డబ్బా అందుకుని పోయడం మొదలుపెట్టింది.

గడువుకు ఒక్క రోజు

మూడు వందల అరవై తొమ్మిది.

గాదె గోడ మీద కూడా ఒక తెర ఉంది. దాంట్లోంచి ఎవరైనా తమ రిటర్ను వేసుకోవచ్చు. ఉదయం వరుస నిండుగా ఉండగా దాని ముందు నిలబడ్డాను. జనం వైపు తిరిగి, ఇన్నాళ్లూ నేను గడి నింపలేదని, నింపానని అందరికీ అబద్ధం చెప్పానని గట్టిగా చెప్పాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. కొందరు ముఖాలు చూసుకున్నారు. వెనక నుంచి ఒక ముసలాయన, అలాగైతే మమ్మల్నెందుకు దింపేవమ్మా గోతిలోకి అన్నాడు. భయం వల్లేనని చెప్పాను.

పేరు, ఇల్లు, ఊరు, ఆదాయం. తెర ఒక్కొక్కటే అడిగింది. చివర, “అన్నం గడిలో ఏమైనా వేస్తారా?” అంది. ఎంత మర్యాదగా అడుగుతుందో.

వేస్తానన్నాను.

మూడు వందల డెబ్బై.

ఇంటికి వెళ్లాక గౌరినాయుడికి చెప్పలేదు. ఆయన నా ముఖం చూసి గోడ వైపు తిరిగి కూర్చున్నాడు.

గడువు దాటి పన్నెండు రోజులు

గాదె నిండింది. చోడిపిండి నూట నాలుగు బస్తాలు. వానల దాకా సరిపోతుంది. పిడికెడేసి వదిలితే ఇంత అవుతుందని నేను అనుకోలేదు. అయినా ఎవరి ముఖంలోనూ నవ్వు లేదు. నీళ్ల తరగతులు నిన్ననే రావలసింది. నిన్నంతా మెట్టు మొత్తానికి కుళాయి రాలేదు. మదింపు లెక్క కడుతోందట. పిల్లలు పొగమంచు వలల కింద గిన్నెలు పట్టుకుని కూర్చున్నారు. గౌరినాయుడికి నిన్నటి డయాలసిస్ తప్పిపోయింది. పొద్దుటికి పెదవులు నల్లబడ్డాయి.

ఇవాళ పొద్దున ఐదున్నరకు పైడిరాజు చీటీల కట్ట పట్టుకుని మెట్లు దిగడం చూశాను. నా కోసం ఆగాడు. చీటీ ఇవ్వకుండా తనే చదివాడు.

“మూడు గంటలు.”

ఎవరికని అడిగాను.

“అందరికీ వొదినా. నాలుగొందల పదకొండు ఇల్లకీ మూడేసి గంటలు.”

ఎవరి దగ్గర మిగులుందో దానికి తెలియలేదు. తెలియక సమానంగా పంచేసింది. మా మెట్టు తరగతి పట్టికలో ఇప్పుడు ఒకే ఒక్క వరుస ఉంది. దాలమ్మకు ఒక గంట మూడయింది. మాకు రెండు మూడయింది. కావలసింది నాలుగు.

ఆరు గంటలకు కుళాయి వచ్చింది. యంత్రం తగిలించాను. నిన్నటి విషం కూడా దిగాలి కాబట్టి ఇవాళ ఒక్క నిమిషం తగ్గినా కష్టమని నాకు తెలుసు. గౌరినాయుడు కళ్లు తెరిచే ఉన్నాడు. ఎనిమిదిన్నరకు నేను గోడ గడియారం వైపు చూడడం మానేశాను.

తొమ్మిదికి పది నిమిషాల ముందు వెనక కిటికీ మీద ఎవరో తట్టారు. దాలమ్మ. చేతిలో వలలు కడిగే నల్ల రబ్బరు గొట్టం. వాళ్ల వరుసకు నీళ్లు తొమ్మిదింటికి వస్తాయి.

ఒక ఇంటి నీళ్లు ఇంకో ఇంటి గొట్టంలోకి పోకూడదు. పట్టుబడితే రెండిళ్లకూ నెల రోజులు కుళాయి బంద్. ఆ మాట నేను అనబోయాను. ఆమె కిటికీ ఊచల మధ్య నుంచి గొట్టం లోపలికి తోసింది.

“తగిలించప్పా” అంది.

రెండు గొట్టాలూ ఒక కొలతవి కావు. అతుకు దగ్గర పిచికారీలా నీళ్లు కొట్టాయి. గుడ్డ చుట్టినా ఆగలేదు. యంత్రం గొంతు మారింది, కూత పెట్టబోతోందని తెలిసింది. దాలమ్మ చుట్టూ తిరిగి మా వాకిట్లోంచి లోపలికి వచ్చింది. నేల మీద కూర్చుని రెండు చేతులతో ఆ అతుకును బిగించి పట్టుకుంది. నీళ్లు ఆగాయి. యంత్రం గొంతు సర్దుకుంది.

గంట. ఆమె చీర తడిసిపోయింది. వేళ్లు తెల్లబడ్డాయి. నేను పట్టుకుంటానంటే తల అడ్డంగా ఊపింది. చేయి మారేటప్పుడు జారుతుందని ఆమె భయం.

పది కావస్తుండగా బయట మెట్ల మీద బూట్ల చప్పుడు వినిపించింది. మా మెట్టులో ఎవరికీ బూట్లు లేవు, బూట్లు తొడిగేది నీళ్ల తనిఖీకి వచ్చేవాళ్లే. చప్పుడు మా గుమ్మం ముందు ఆగింది. గౌరినాయుడు నా మణికట్టు పట్టుకున్నాడు. దాలమ్మ నా వైపు చూసింది. ఆమె కళ్లలో ఉన్న భయం, నా కళ్లలోనూ ఉండి ఉంటుంది. గొట్టం వదిలేస్తే కిటికీలోంచి బయటికి లాగేయవచ్చు, అంత సమయం ఉంది.

ఆమె వదల్లేదు. ఇంకా గట్టిగా పట్టుకుంది.

బూట్లు కదిలాయి. పక్కింటి మీదుగా, కిందికి, ఇంకా కిందికి. చప్పుడు పూర్తిగా పోయేదాకా వింటూ కూర్చున్నాం. పది దాటి ఏడు నిమిషాలకు యంత్రం దానంతటదే ఆగింది. కూత పెట్టలేదు. పని పూర్తయిందని చిన్నగా పచ్చదీపం వెలిగింది. రెండున్నర నెలల తర్వాత మొదటిసారి.

దాలమ్మ వేళ్లు విప్పుకోలేకపోయింది. ఒక్కొక్క వేలూ నేనే విప్పాను.